మహమ్మారిని లెక్కించుట ఎట్లు?

అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు కుండలోని మెతుకులన్నిటిని పట్టి చూడనక్కరలేదు. గరిటెతో బాగుగా కలియబెట్టి, రెండు మెతుకులు నలిపి చూచిన చాలును. కలియబెట్టక పైమెతుకునే పట్టి చూచినచో మోసపోవుదుము. వ్యాధుల లెక్కకును ఇదే సూత్రము.

2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రతిదినము రోగుల సంఖ్యను ప్రకటించెడిది. సెప్టెంబరు నాటికి ఆ సంఖ్య ఐదు లక్షలు దాటినది. కాని పరీక్ష చేయించుకొన్నవారే ఆ లెక్కలో చేరుదురు. వ్యాధి సోకియు దగ్గైనను లేక తిరిగినవారు చేరరు. అట్టివారి రక్తములో వ్యాధిని ఎదుర్కొను ప్రతిరక్షకములు ఏర్పడి కొన్ని నెలలు నిలుచును. కనుక అన్ని జిల్లాలలో కొందరిని ఎంచి, వారి రక్తరసిని పరీక్షించిరి. రాష్ట్రమున నూటికి 19.7 మందికి, చిత్తూరు జిల్లాలో 20.8 మందికి వ్యాధి సోకిపోయినట్లు తేలినది. రాష్ట్ర జనాభా సుమారు ఐదు కోట్లు. అనగా సోకినవారు ఇంచుమించు ఒక కోటి. ప్రకటిత సంఖ్యకు దాదాపు ఇరువది రెట్లు!

దీని భావమేమి? ఐరాల మండలములో వేయిమంది గల ఒక గ్రామమును ఊహింతము. పదిమందికి వ్యాధి ఉన్నట్లు తెలిసినది. వారిలో ఒకరు మరణించిరి. పదింట ఒకరిని చంపు వ్యాధి యని అందరును భయపడుదురు. రక్తరసి పరీక్షలో సోకినవారు రెండువందలని తేలినది. ఇప్పుడు మరణము రెండువందలకు ఒకటి మాత్రమే. అయితే భయము లేదని చాటింపు వేయవచ్చునా? ఇంకను ఎనిమిదివందల మంది మిగిలియున్నారు. వారందరికిని సోకినచో అదే లెక్కన మరి నలుగురు మరణింతురు. పైగా లెక్కకురాని మరణములున్నచో ఈ నిష్పత్తియు మారును.

"ఐదవవంతు గట్టెక్కిరి", "నాలుగు వంతులు మిగిలిరి" — ఒకే సంఖ్య రెండు మాటలను చెప్పుచున్నది. రెండును సత్యములే. మొదటిదానిని మాత్రమే విన్నవారు జాగ్రత్త విడుతురు. 2021 వేసవిలో మారిన వైరసుతో రెండవ ఉధృతి వచ్చినది. మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో ప్రాణవాయువు సరఫరాకు అంతరాయము కలిగి, ప్రభుత్వ లెక్క ప్రకారము 11 మంది మరణించిరి. కావున ప్రభుత్వము రెండు మాటలను కలిపి చెప్పవలెను. ప్రజలు రెంటిని కలిపి వినవలెను.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక చిన్న ప్రయోగము చేయింపవచ్చును. వేయి చింతగింజలలో రెండువందలకు సున్నము పూసి, ఆరిన పిమ్మట కుండలో పోసి కలియబెట్టుడు. ఒక్కొక్క విద్యార్థి కన్నులు మూసికొని 50 గింజలు తీయవలెను. సున్నపు గింజలు పదికి అటునిటుగా వచ్చును; ఐదుకంటె తక్కువగాని, పదునైదుకంటె ఎక్కువగాని వచ్చుట అరుదు. కొద్దిమందిని పరీక్షించి కోట్లమంది సంగతి చెప్పుట ఎట్లో విద్యార్థులకు అప్పుడు తెలియును.