బిందె ఎత్తే ముందు

ధర్మపురి జిల్లా కడత్తూరులోనైనా, ఇంకెక్కడైనా నీళ్ళబిందె ఎత్తగానే నడుము పట్టేసిందనే మాట మన ఇళ్ళలో మామూలే. పొట్ట లోపలి పొరలో, నడికట్టులా చుట్టుకున్న కండరం ఒకటుంది. మనం చెయ్యి కదపకముందే అది బిగుస్తుందనీ, నడుంనొప్పి ఉన్నవారిలో ఆలస్యమవుతుందనీ 1996లో ఆస్ట్రేలియా పరిశోధకులు హాడ్జెస్, రిచర్డ్‌సన్ చూపారు.

దానికి సాధన తేలికే. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడవండి. ముక్కుతో గాలి పీల్చి, మెల్లగా వదులుతూ పొత్తికడుపును కొద్దిగా లోపలికి లాగండి. మామూలుగా ఊపిరి తీస్తూనే పది సెకన్లు అలాగే ఉంచండి. ఊపిరి బిగపట్టకూడదు. పదిసార్లు చాలు.

ఇదొక్కటే మందు కాదు. ఇతర వ్యాయామాలూ దాదాపు ఇంతే మేలు చేస్తాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. గర్భిణులు, ఆపరేషన్ అయినవారు ముందు డాక్టరునడగాలి. ఇకమీదట బిందెను ఊపిరి వదులుతూ ఎత్తండి.