పదేళ్ల విరామం తరువాత పాట

క్యాసెట్ల కాలంలో పాశ్చాత్య సంగీతాన్ని ఆసక్తితో ఆలకించిన మన పాఠకులకు రాక్సెట్ బృందం సుపరిచితమే. 1990లో విడుదలైన 'ప్రెటీ వుమన్' చిత్రంలోని వారి ప్రేమగీతం దేశదేశాల శ్రోతలను అలరించింది. ఆ బృందం 2011లో వెలువరించిన 'చార్మ్ స్కూల్' అనే ఆల్బమ్‌ను ఈ సంచికలో పరిచయం చేస్తున్నాము. దాని వెనుక ఉన్న కథ ఉద్యోగ జీవితం గడుపుతున్న మనందరికీ ఆలోచనీయమని మా విశ్వాసం.

స్వీడన్ పశ్చిమ తీరంలోని హామ్‌స్టాడ్ పట్టణంలో గీతరచయిత పెర్ గెస్లె, గాయని మారీ ఫ్రెడ్రిక్‌సన్ 1986లో ఈ బృందాన్ని నెలకొల్పారు. వారి రెండవ ఆల్బమ్ 'లుక్ షార్ప్' 1988లో వెలువడింది. స్వీడన్‌లో కొంతకాలం చదువుకొని వచ్చిన ఒక అమెరికన్ విద్యార్థి ఆ ఆల్బమ్‌ను మినియాపొలిస్‌లోని రేడియో కేంద్రానికి అందజేశాడు. అక్కడ ప్రసారమైన 'ది లుక్' గీతం క్రమంగా దేశమంతటా వ్యాపించి, 1989 ఏప్రిల్‌లో అమెరికా జనాదరణ పట్టికలో ప్రథమ స్థానాన్ని అందుకుంది. 1991 నాటికి మరో మూడు గీతాలకు అదే గౌరవం దక్కింది.

2001లో 'రూమ్ సర్వీస్' వెలువడిన మరుసటి సంవత్సరం విధి వక్రించింది. 2002 సెప్టెంబరులో మారీ తమ ఇంటిలో హఠాత్తుగా కుప్పకూలారు. పరీక్షలు జరుపగా మెదడులో కణితి ఉన్నట్లు తేలింది. శస్త్రచికిత్స, సుదీర్ఘమైన చికిత్స ఆమె ప్రాణాన్ని నిలిపాయి; కాని కుడికంటి చూపు పోయింది. కొంతకాలం చదవడం, లెక్కించడం కూడా ఆమెకు సాధ్యపడలేదు. ఆ రోజులలో ఆమె బొగ్గుతో చిత్రాలు గీస్తూ సాంత్వన పొందారు.

గెస్లె ఆ సంవత్సరాలలో సొంత ఆల్బమ్‌లు చేసుకున్నారే గాని, మారీ స్థానంలో మరొక గాయనిని నిలిపి రాక్సెట్‌ను నడపలేదు. 2009 మే నెలలో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ఆయన కచేరీలో మారీ వేదికపైకి వచ్చి గొంతు కలిపారు. పునరాగమనానికి అదే నాంది అయింది. తొలినాళ్ల నిర్మాత క్లారెన్స్ ఓఫ్వర్‌మన్ తోడ్పాటుతో సిద్ధమైన 'చార్మ్ స్కూల్' 2011 ఫిబ్రవరిలో విడుదలై, జర్మనీలో ప్రథమ స్థానాన్ని అలంకరించింది. ఆ నెలాఖరున రష్యాలో ఆరంభమైన కచేరీ యాత్ర పలు ఖండాలలో కొనసాగింది.

ఇక్కడ మనం గమనించవలసిన అంశం ఒకటి ఉన్నది. తిరిగి వచ్చిన మారీ మునుపటి మారీ కారు. పాటలోని పదాలను గుర్తుంచుకోవడం ఆమెకు శ్రమగా ఉండేది. తరువాతి సంవత్సరాలలో నిలబడడం కష్టమైనప్పుడు ఆమె కూర్చుండియే పాడారు. సహచరులు ఆమె శక్తికి తగినట్లుగా పని పంచుకున్నారు. శ్రోతలు ఆమె పాడలేని చోట తామే పాట అందుకున్నారు.

2016 ఆరంభంలో దక్షిణాఫ్రికాలో జరిగినదే వారి చివరి కచేరీ. వైద్యుల సలహాపై ఆమె యాత్రలు విరమించారు. ఆ సంవత్సరమే 'గుడ్ కర్మా' అనే ఆల్బమ్ వెలువడింది. 2019 డిసెంబరు 9న, 61వ ఏట, ఆమె కన్నుమూశారు. చికిత్సానంతరం ఆమె వేదికపై గడపగలిగిన సంవత్సరాలు సుమారు ఏడు.

దీర్ఘకాలిక అనారోగ్యం నుంచి కోలుకొని విధులలో చేరే సహోద్యోగులు మన మధ్యనూ ఉంటారు. వారిని 'పూర్వంలా పనిచేయగలరా?' అని కొలిచి చూడడం తేలిక. ఏ పని ఏ విధంగా అప్పగిస్తే వారు గౌరవంగా నిర్వహించగలరో ఆలోచించడానికి కొంత ఓర్పు కావాలి. ఇంటివద్ద వారికి సేవ చేసిన కుటుంబసభ్యులకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. వీలు చిక్కినప్పుడు 'చార్మ్ స్కూల్' ఆలకించవలసిందిగా పాఠకులను కోరుతున్నాము.