కాఫీ రుచి - నీటి గుణము

విశాఖపట్టణమునకు ఉత్తరమున, సముద్రపు టొడ్డున భీమునిపట్నము కలదు. 17వ శతాబ్దమున డచ్చివారు అచట వర్తకస్థానము నెలకొల్పిరి. వారి సమాధులు నేటికిని నిలిచియున్నవి. అట్టి ఊరిలో, మేలురకపు కాఫీని మాత్రమే కాచియిచ్చు చిన్న దుకాణమునకు నల్గొండ జిల్లా వాసి యొకడు పోయెననుకొందము. అచట త్రాగిన అరకు కాఫీ అతనికి మిక్కిలి నచ్చినది. ఆ పొడినే కొని యింటికి తెచ్చి, బోరుబావి నీటితో డికాక్షను తీసినాడు. పొడి అదే, ఫిల్టరు మంచిదే. కాని రుచి చప్పబడినది. కారణమేమి?

అరకు కాఫీ తూర్పు కనుమలలో, సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల యెత్తున, చెట్ల నీడన పండును. 2019లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించినది. పచ్చిగింజకు మనమెరిగిన కాఫీ వాసన యుండదు. సుమారు 200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో వేయించినపుడు, గింజలోని చక్కెరలు, మాంసకృత్తుల అంశములు కలిసి వందలకొలది సువాసన ద్రవ్యములు పుట్టును. కొన్ని ఆమ్లములు కూడ గింజలో మిగిలియుండును. మంచి కాఫీలోని చురుకుదనము వీనివలననే కలుగును.

ఈ ద్రవ్యములను పొడినుండి బయటకు తెచ్చునది నీరు. నీటిలో బైకార్బొనేటు లవణములు అధికముగా నున్నచో అవి ఆమ్లములను విరిచివేయును. చింతపండు పులుసులో వంటసోడా వేసిన నురుగు పొంగి, పులుపు తగ్గుట వంటిదే యిది. కనుకనే మేలురకపు కాఫీ అమ్మువారు గింజతోపాటు నీటిని కూడ ఎంచుకొందురు.

కఠినజలమును మరగించిన గిన్నె అడుగున తెల్లని పొర కట్టును. అది కాల్షియము కార్బొనేటు. ఇది విడిపోవుట చూచి, మరిగిన నీటిలో దోషములన్నియు పోయినవని తలచుట పొరపాటు. మరగించుటవలన సూక్ష్మజీవులు చచ్చును. ఫ్లోరైడు మాత్రము పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది, మిగిలిన నీటిలో దాని పాలు పెరుగును.

నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములకు ఇది రుచికి మించిన విషయము. అచటి నల్లరాతి పొరలలోని ఖనిజములనుండి ఫ్లోరైడు భూగర్భజలములో కరగును. లీటరు నీటిలో అది 1.5 మిల్లీగ్రాములు మించరాదు. మించిన నీటిని పిల్లలు త్రాగినచో పండ్లపై మచ్చలు పడును. ఏండ్ల తరబడి త్రాగినచో ఎముకలు, కీళ్లు బిగుసుకొనును. తేయాకులో స్వతస్సిద్ధముగనే ఫ్లోరైడు చేరియుండును. కాఫీపొడిలో అది స్వల్పము. కాబట్టి కాఫీలోని ఫ్లోరైడు చాలవరకు నీటినుండి వచ్చినదే.

దీనికి ఉపాయము ఆ జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైనది. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ 1970 దశకములో రూపొందించిన 'నల్గొండ పద్ధతి' యందు సున్నము, పటిక నీటిలో కలిపి కలియబెట్టుదురు. ఏర్పడిన మడ్డి ఫ్లోరైడును పట్టుకొని అడుగున చేరును. పై నీటిని వడకట్టుదురు. క్రిములను చంపుటకు బ్లీచింగుపొడి వాడుదురు. 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ పథకముతో శుద్ధిచేసిన నదీజలము గొట్టముల ద్వారా ఇంటింటికి చేరసాగినది.

అయినను కొందరు అలవాటుచొప్పున పాత బోరు నీటినే పొయ్యిమీద పెట్టుదురు. ఆ నీటిని పరీక్ష చేయించక వంటకు, కాఫీకి వాడరాదు. పొడి ఎంత మేలైనదైనను నీటి దోషమును మాన్పజాలదు.