గ్లూటెన్ రహిత ఆహారం

గోధుమ, బార్లీ, రై ధాన్యాలలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు లేని ఆహారాన్ని గ్లూటెన్ రహిత ఆహారం అంటారు. ఇది ముఖ్యంగా సీలియాక్ వ్యాధి ఉన్నవారికి అవసరం. ఈ వ్యాధికి ప్రస్తుతం ఉన్న ప్రధాన చికిత్స జీవితాంతం ఈ ఆహార నియమాన్ని పాటించడమే.

గ్లూటెన్ అంటే ఏమిటి
గోధుమపిండిని నీళ్ళతో కలిపి పిసికినప్పుడు ముద్ద సాగడానికి కారణం గ్లూటెన్. గోధుమలో ఇది గ్లయడిన్, గ్లుటెనిన్ అనే రెండు రకాల మాంసకృత్తుల కలయిక వలన ఏర్పడుతుంది. రొట్టె పొంగి మెత్తగా ఉండటానికి కూడా ఇదే కారణం. వండటం వలన గాని, వేయించడం వలన గాని దీని హాని తొలగిపోదు.

సీలియాక్ వ్యాధి
జన్యుపరంగా అవకాశం ఉన్నవారిలో గ్లూటెన్ తిన్నప్పుడు శరీరంలోని రోగ నిరోధక వ్యవస్థ చిన్న ప్రేగు లోపలి పొరపైనే దాడి చేస్తుంది. ఆహారంలోని పోషకాలను పీల్చుకునే ఆంత్ర చూషకాలు దీనివలన దెబ్బతింటాయి. విరేచనాలు, కడుపు ఉబ్బరం, రక్తహీనత, బరువు తగ్గడం దీని లక్షణాలు. పిల్లలలో ఎదుగుదల కుంటుపడుతుంది. కొందరిలో కడుపుకు సంబంధించిన బాధ ఏదీ లేకుండా రక్తహీనత మాత్రమే కనిపిస్తుంది. భారతదేశంలో ఈ వ్యాధి దక్షిణాది కంటే గోధుమ వాడకం ఎక్కువగా ఉన్న ఉత్తరాదిలో అధికం.

చరిత్ర
నెదర్లాండ్స్ దేశపు పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డికె ఈ వ్యాధికి, గోధుమకు ఉన్న సంబంధాన్ని నిరూపించాడు. రెండవ ప్రపంచ యుద్ధం చివర 1944-45 శీతాకాలపు కరువులో రొట్టె దొరకని రోజులలో వ్యాధిగ్రస్తులైన పిల్లలు కోలుకోవడం, రొట్టె తిరిగి అందుబాటులోకి వచ్చాక మళ్ళీ జబ్బుపడటం ఆయన అభిప్రాయానికి బలం చేకూర్చాయి. 1950లో ఆయన తన పరిశోధనా గ్రంథాన్ని సమర్పించాడు.

మొదలుపెట్టే ముందు
పరీక్షలు పూర్తి కాకముందే గోధుమలు మానివేయరాదు. రక్తంలోని ప్రతిరక్షకాలను, ప్రేగు నుండి తీసిన చిన్న ముక్కను పరీక్షించి వ్యాధిని నిర్ధారిస్తారు. గోధుమలు ముందే మానివేస్తే ప్రేగు కొంత కోలుకొని, వ్యాధి ఉన్నా లేనట్లు ఫలితం రావచ్చు.

తినదగినవి
* వరి బియ్యం, అటుకులు, మరమరాలు, మొక్కజొన్న
* జొన్న, సజ్జ, రాగి, కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ
* కంది, పెసర, మినుము, శనగ మొదలైన పప్పులు
* కూరగాయలు, పండ్లు, పాలు, గుడ్లు, మాంసం, చేపలు

అన్నం, పప్పు, పులుసు, ఇడ్లీ, పెసరట్టు, జొన్న రొట్టె, రాగి సంకటి సహజంగానే గ్లూటెన్ లేనివి. అందువలన తెలుగువారి వంటలో చాలా భాగాన్ని మార్చవలసిన పని ఉండదు.

మానవలసినవి
గోధుమపిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సాధారణ సేమ్యా, బ్రెడ్, బిస్కట్లు, బార్లీ గంజి. మైదాతో చేసే బొబ్బట్లు, రవ్వతో చేసే రవ్వదోసె, రవ్వకేసరి కూడా ఈ కోవలోకే వస్తాయి. అన్నవరం సత్యనారాయణస్వామి ప్రసాదం గోధుమ రవ్వతో చేసినదే.

కంటికి కనిపించని గ్లూటెన్
* బజారులో దొరికే ఇంగువలో తరచుగా గోధుమపిండి లేదా మైదా కలుపుతారు.
* సోయా సాస్ తయారీలో సాధారణంగా గోధుమలు వాడతారు.
* బార్లీ మాల్టుతో చేసిన పానీయాలు, బీరు పనికిరావు. రాగులు మాత్రమే మొలకెత్తించి చేసిన రాగి మాల్టుతో ఇబ్బంది లేదు.
* ఓట్స్ సాగులోను, మరలోను గోధుమలతో కలిసిపోయే అవకాశం ఉంది. గ్లూటెన్ లేదని ధృవీకరించినవే వైద్యుని సలహాతో వాడాలి.

ఇంట్లో ఏర్పాట్లు
ఇంట్లో ఒక్కరికే ఈ నియమం ఉన్నప్పుడు చపాతీ పిండి మిగిలినవారి వంట నుండి వారి భోజనంలోకి చేరే ప్రమాదం ఉంది. కొద్దిపాటి పిండి కూడా హాని చేస్తుంది. కనుక జల్లెడ, చపాతీ పీట, కర్ర, పెనం వేరుగా ఉంచుకోవాలి. పూరీలు వేయించిన నూనెలో అప్పడాలు వేయించకూడదు. గోధుమలు ఆడించే పిండిమరలో జొన్నలు ఆడిస్తే గోధుమపిండి కలుస్తుంది. అందుచేత ఇంట్లోనే శుభ్రమైన మిక్సీలో పట్టుకోవడం మేలు. ఇంట్లో ముందుగా గ్లూటెన్ రహిత వంట చేసి, మూతపెట్టి పక్కన ఉంచి, ఆ తరువాత చపాతీలు చేసుకోవడం సులభమైన పద్ధతి. పిల్లల విషయంలో బడిలోను, బంధువుల ఇళ్ళలోను ముందే తెలియజేయాలి.

ప్యాకెట్లపై ముద్రణ
అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 2008లో సవరించిన ప్రమాణం ప్రకారం, కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ లేని పదార్థాన్నే గ్లూటెన్ రహితం అనాలి. భారతదేశంలోనూ ఇదే పరిమితి అమలులో ఉంది. "గోధుమ లేదు" అని ముద్రించినంత మాత్రాన బార్లీ లేదని అర్థం కాదు.

పోషకాలు
ఈ ఆహారంలో పీచు, ఇనుము, బి విటమిన్లు తగ్గే అవకాశం ఉంది. తెల్ల బియ్యానికే పరిమితం కాకుండా చిరుధాన్యాలు, పప్పులు, ఆకుకూరలు తీసుకుంటే ఈ లోటు తగ్గుతుంది. చాలామందిలో కొన్ని వారాలలోనే లక్షణాలు తగ్గుముఖం పడతాయి. ప్రేగు పూర్తిగా కోలుకోవడానికి నెలలు, పెద్దవారిలో సంవత్సరాలు పట్టవచ్చు. ఆరోగ్యం బాగుపడిందని తిరిగి గోధుమలు తింటే వ్యాధి మళ్ళీ మొదలవుతుంది.