వస్తువులకూ మనసుంటుందా?

దసరాకి మనం పనిముట్లకు పూజ చేస్తాం. నాగలికి, కొడవలికి, కుట్టుమిషనుకు పసుపు కుంకుమ పెడతాం. ఎందుకు? అవి మనకు అన్నం పెడుతున్నాయి గనక. మనకు చాలా దూరాన జపాన్ దేశం వుంది. అక్కడి జనం కూడా వస్తువుల గురించి ఇలాగే ఆలోచించారు. వాటి మీద బోలెడు కథలు అల్లుకున్నారు.

జపాన్ దీవుల దేశం. చుట్టూ సముద్రమే. టోక్యో దాని రాజధాని. అక్కడ పూర్వం ఒక నమ్మకం వుండేది. ఏ వస్తువైనా నూరేళ్లు వుంటే దానికి ప్రాణం వస్తుందట. అలా ప్రాణం వచ్చిన వస్తువును 'త్సుకుమోగామి' అంటారు. పేరు పలకటం కష్టంగా వుందా? కూడబలుక్కుని చదవండి. త్సు-కు-మో-గా-మి.

పాత గొడుగు ఒంటికాలి మీద గెంతుతుంది. దానికి ఒకటే కన్ను. చిరిగిన లాంతరు నోరు తెరిచి నాలుక చాపుతుంది. ఇలాంటి బొమ్మలు జపాన్ పిల్లలందరికీ తెలుసు.

జపమాల కథ

త్సుకుమోగామి కథ ఒకటి సుమారు 500 ఏళ్ల నాటి బొమ్మల చుట్టలో వుంది. ఆ కథ ఇది.

జపాన్‌లో ఏడాది చివర ఇల్లంతా దులుపుతారు. మసి, బూజు తీసేస్తారు. ఒకసారి అలా దులిపి, పాత సామాన్లు వీధిలో పారేశారు. సామాన్లకు కోపం వచ్చింది. ఇన్నేళ్లు చాకిరీ చేయించుకుని వీధిలో పడేస్తారా అని రగిలిపోయాయి. పగ తీర్చుకుందాం అన్నాయి. వాటిలో ఒక జపమాల వుంది. అది మాత్రం పగ వద్దని నచ్చజెప్పింది. మిగిలినవి ఊరుకోలేదు. దాన్ని చావబాది తరిమేశాయి.

తర్వాత ఆ సామాన్లు దెయ్యాలయ్యాయి. క్యోటో నగరం మీద పడి జనాన్ని పీడించాయి. చివరికి ఓడిపోయాయి. చేసిన తప్పు తెలిసొచ్చింది. అప్పుడు జపమాల గుర్తొచ్చింది. కొండల్లో వెతికి వెతికి దాన్ని పట్టుకున్నాయి. దెబ్బలు తిన్న జపమాల వాటి మీద కోపం పెట్టుకోలేదు. దగ్గరికి తీసి, గురువై మంచి దారి చూపింది.

నిజంగా వస్తువులకు ప్రాణం వస్తుందా? రాదు. ఇది కథ. కానీ కథలో ఒక మాట వుంది. పని చేసి పెట్టిన వస్తువును చులకనగా చూడొద్దు. ఒక్క గొడుగు వెనక ఎందరి చెమట వుంటుందో ఆలోచించండి.

సూదులకు విశ్రాంతి

ఈ ఆలోచనతోనే జపాన్‌లో ఒక ఆచారం వచ్చింది. విరిగిన సూదులను చెత్తలో పారేయరు. దాచిపెట్టి గుడికి తీసుకెళతారు. టోక్యో వైపు ఫిబ్రవరి 8న, క్యోటో వైపు డిసెంబరు 8న ఇది జరుగుతుంది. అక్కడ 'తోఫు' వుంటుంది. అది సోయా పాలతో చేసే మెత్తటి తిండి. చూడటానికి పన్నీరులా వుంటుంది. సూదులను అందులో గుచ్చుతారు. ఇన్నాళ్లూ గట్టి బట్టలో దూరి అలిసిపోయాయి, ఇక మెత్తగా పడుకోండి అని దాని అర్థం. కుట్టుపని చేసే ఆడవాళ్లు సూదులకు దండం పెట్టి వస్తారు.

పోయింది ఎలా దొరుకుతుంది?

సరే, పాత వస్తువుల సంగతి ఇది. మరి పారేసుకున్న వస్తువుల మాటేమిటి? వాటిని ఏ దేవత కాపాడుతుంది?

జపాన్‌లో వీధుల్లో చిన్న చిన్న పోలీసు గదులు వుంటాయి. వాటిని 'కోబాన్' అంటారు. మన ఔట్‌పోస్టు లాంటివి. దారిలో ఏదైనా దొరికితే జనం అక్కడ ఇచ్చేస్తారు. పిల్లలు చిల్లర నాణెం దొరికినా తెచ్చి ఇస్తారు. ఈ అలవాటు ఇంట్లో, బడిలో చిన్నప్పుడే నేర్పుతారు.

అలవాటుకు తోడు చట్టమూ వుంది. మొదటి చట్టం 1899లో వచ్చింది. కొత్త చట్టం 2007 నుంచి అమలులో వుంది. వస్తువును 3 నెలలు దాస్తారు. సొంతదారు వస్తే, తెచ్చి ఇచ్చిన వారికి బహుమానం ఇవ్వాలి. అది వస్తువు విలువలో నూటికి 5 నుంచి 20 వరకు వుంటుంది. సొంతదారు రాకపోతే, దొరికినవారే తీసుకోవచ్చు. ఫోన్లు, గుర్తింపు కార్డులు మాత్రం వారికి ఇవ్వరు.

2018లో ఒక్క టోక్యోలోనే 40 లక్షలకు పైగా వస్తువులు పోలీసులకు చేరాయి. పోలీసుల దగ్గరికి వచ్చిన ప్రతి 10 ఫోన్లలో 8 సొంతదారులకు అందాయి. గొడుగుల సంగతే వేరు. 3 లక్షలకు పైగా వచ్చాయి. కానీ నూటికి ఒక్కరే వచ్చి తీసుకెళ్లారు. గొడుగు చవక. పోతే పోయిందిలే, ఇంకోటి కొనుక్కుందాం అనుకున్నారు. కథలో గొడుగుకు కోపం ఊరికే రాలేదు!

ఇంకో సంగతి గమనించండి. వస్తువు పోయినవారు ఒక కాగితం నింపాలి. ఏ వస్తువు? ఎక్కడ పోయింది? ఎప్పుడు పోయింది? రంగేమిటి, గుర్తులేమిటి? పేరు, చిరునామా కూడా రాయాలి. తెచ్చి ఇచ్చినవారికి రసీదు ఇస్తారు. వస్తువు మీద పేరు రాసి వుంటే పని ఇంకా తేలిక. నాలుగు అక్షరాలే దాన్ని ఇంటికి చేరుస్తాయి.

బురదలో దొరికిన ఫోటోలు

2011 మార్చి 11న జపాన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. వెంటనే సునామీ వచ్చింది. ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. 18 వేల మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. శిథిలాల్లో వేల ఇనప్పెట్టెలు దొరికాయి. వాటిని జనం పోలీసులకు అప్పగించారు. పోలీసులు సొంతదారులను వెతికి డబ్బు ఇచ్చారు.

డబ్బే కాదు. బురదలో లక్షల ఫోటోలు దొరికాయి. పెళ్లి ఫోటోలు, పసిపిల్లల ఫోటోలు. అవి అమ్ముడుపోయే సరుకు కాదు. అయినా వాటినెవరూ పారేయలేదు. ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి సాయం చేశారు. ఫోటోలను ఒక్కొక్కటిగా నీళ్లతో కడిగారు. తాళ్లకు కట్టి ఆరబెట్టారు. బడుల్లో, పెద్ద హాళ్లలో వరసగా పెట్టారు. ఇల్లూ వాకిలీ పోయినవారు వచ్చి వెతుక్కున్నారు. కొందరికి తమ వాళ్ల గుర్తుగా మిగిలింది ఆ ఒక్క ఫోటోనే.

పోయిన వస్తువును కాపాడే దేవత ఎక్కడో లేదు. కింద పడిన దాన్ని తీసి, నాది కాదు అని అప్పగించే మనిషిలోనే వుంది.

మీ కేంద్రంలో చర్చించండి

1. జపమాల పగ వద్దని ఎందుకు అంది? మీరైతే ఏమనేవారు?
2. మీ ఊళ్లో ఎవరికైనా వస్తువు దొరికితే ఏం చేస్తున్నారు? ఏం చేస్తే బాగుంటుంది?
3. మీ సంచి పోయిందనుకోండి. దాని గుర్తులు నాలుగు వాక్యాల్లో రాయండి.