కాదనడం నేర్చిన సందేశం

2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైన తెలంగాణ రైతు పెట్టుబడి సాయం ‘రైతుబంధు’ తొలి విడతలో ఎకరానికి 4,000 రూపాయలు చెక్కుగా చేతికందాయి. కొత్తకోట రైతైనా, గద్వాల రైతైనా పాస్‌బుక్కుతో పాటు చెక్కు అందుకుని, బ్యాంకు ముందు వరుసలో నిలబడి నగదు చేసుకోవాల్సి వచ్చింది. అదే ఏడు యాసంగి నాటికి ఎన్నికల కోడ్ వచ్చింది, చెక్కుల పంపిణీ ఆగింది, డబ్బు నేరుగా ఖాతాల్లో పడింది. ఈ మార్పు ఘనతను చాలామంది ఇంటర్నెట్టుకు కట్టబెడతారు. అది సగం నిజం. ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు అక్షరాలు చేరవేయడం 1970ల నాటికే వచ్చిన విద్య. చేరిన అక్షరాల అర్థాన్ని మనిషి సాయం లేకుండా అవతలి యంత్రం పట్టుకోవడం, అర్థం కాకపోతే ఆ సంగతి ఒప్పుకుని పని ఆపేయడం అంతకంటే ఆలస్యంగా, ఎంతో తగవులాట తర్వాత కుదిరాయి. వెబ్ సేవల మధ్య సందేశాల చరిత్రలో అసలైన ఆవిష్కరణ ఈ ఆపేయడమేనని నా వాదన. డబ్బు కదిలే చోట, పంపే నేర్పు కంటే కాదనే నేర్పు ఎక్కువ విలువ చేస్తుంది.

వెబ్ మొదట మనిషి కంటి కోసం పుట్టింది. ఒక పేజీలో ‘వనపర్తి, 4000’ అని కనిపిస్తే మనం సందర్భాన్ని బట్టి అది ఎకరం సాయమో, క్వింటాల్ పల్లి ధరో గ్రహిస్తాం. పేజీని తయారుచేసే హెచ్‌టీఎంఎల్ మాత్రం ఆ అంకెను ఎంత లావుగా, ఎక్కడ చూపాలో చెబుతుందే తప్ప అది దేని లెక్కో చెప్పదు. 1998 ఫిబ్రవరిలో ప్రమాణంగా వెలువడిన ఎక్స్‌ఎంఎల్ ఈ లోటు తీర్చింది. ప్రతి విలువకూ ముందూ వెనకా దాని పేరు రాసి పెట్టే పద్ధతి అది: ఇది జిల్లా, ఇది మొత్తం, ఇది తేదీ. అదే ఏడాది డేవ్ వైనర్, డాన్ బాక్స్, మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్న బాబ్ అట్కిన్సన్, మొహ్సిన్ అల్ ఘొసైన్ కలిసి, ఇలా పేర్లు పెట్టిన సమాచారాన్ని మామూలు వెబ్ దారిలోనే ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు పంపే నియమావళి రాయడం మొదలుపెట్టారు. అందులో ముందుగా సిద్ధమైన చిన్న ముక్కను ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ పేరుతో వైనర్ అప్పుడే బయటపెట్టాడు. పెద్దది సోప్. ఐబీఎం కూడా చేయి కలిపాక 2000 మే నెలలో దాని 1.1 రూపం ప్రపంచ వెబ్ సంఘం ముందుకొచ్చింది, 2003 జూన్‌లో 1.2 రూపం పూర్తిస్థాయి ప్రమాణమైంది.

సోప్ సందేశానికి ఒక కవరు, కవరు లోపల తలభాగం, ఒళ్లు ఉంటాయి. ఇంతవరకు వింత ఏమీ లేదు. తలభాగంలోని ఏ అంశానికైనా ‘ఇది నీకు అర్థమై తీరాలి’ అనే గుర్తు తగిలించవచ్చు. ఆ గుర్తున్న అంశం తనకు తెలియకపోతే, అందుకున్న సర్వర్ మిగతాది ఎంత చక్కగా అర్థమైనా సరే ముట్టుకోకూడదు, తప్పిదం జరిగిందని తిరుగు సందేశం పంపాలి. ఆ తిరుగు సందేశానికీ అచ్చు ఉంది: కవరు రకం కలవలేదా, తప్పనిసరి అంశం తెలియలేదా, పొరపాటు పంపినవాడిదా, అందుకున్నవాడిదా అని 1.1లో నాలుగు రకాలుగా విడదీశారు. అంతకుముందు చాలా ప్రోగ్రాములు తెలియనిదాన్ని చూసీచూడనట్టు వదిలేసి ముందుకుపోయేవి. తెలిసిన ముక్కతో పని కానిచ్చేద్దామనే ఈ ఉత్సాహం వార్తల పేజీకి చెల్లుతుంది, బ్యాంకు ఖాతాకు చెల్లదు.

ఈ కథలో హైదరాబాద్ చేసిన పనిని మనవాళ్లే పెద్దగా తలచుకోరు. రిజర్వు బ్యాంకు 1996లో మాసబ్ ట్యాంక్‌లో ఐడీఆర్‌బీటీ అనే సంస్థను నెలకొల్పింది. బ్యాంకుల కోసం ఆ సంస్థ 1999లో ఇన్ఫినెట్ అనే ప్రత్యేక నెట్‌వర్క్‌నూ, 2001 డిసెంబరులో దాని మీద నడిచే ఎస్‌ఎఫ్‌ఎంఎస్ అనే ఆర్థిక సందేశ వ్యవస్థనూ తెచ్చింది. ఇది సోప్‌కు నకలు కాదు. దీని వంశం 1973లో బ్రస్సెల్స్‌లో పుట్టిన స్విఫ్ట్‌ది: ముందే నిర్ణయించిన గడులు, ఒక్కో గడిలో ఎన్ని అక్షరాలు పట్టాలో, అవి అంకెలో అక్షరాలో చెప్పే నియమాలు, పంపినవాడు ఫలానా బ్యాంకేనని రుజువు చేసే డిజిటల్ సంతకం. మన పాస్‌బుక్కు మొదటి పేజీలో ఉండే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఈ వ్యవస్థలో ఒక శాఖ చిరునామా. పదకొండు అక్షరాల్లో మొదటి నాలుగూ బ్యాంకు పేరు, చివరి ఆరూ శాఖ గుర్తు, ఐదోది సున్నా. ఆ సున్నాకు ఇప్పుడు పనేమీ లేదు, రేపటి అవసరానికి అట్టేపెట్టారు. ప్రమాణాలు రాసేవాళ్లలో నాకు నచ్చే గుణం ఇదే, రాబోయే అవసరం తెలియకపోయినా దానికి చోటు వదులుతారు. వేర్వేరు దేశాల్లో, వేర్వేరు అవసరాలతో పనిచేసిన రెండు బృందాలు పేరున్న గడి, తనిఖీ, కారణంతో కూడిన తిరస్కరణ అనే ఒకే ఏర్పాటుకు చేరుకోవడం నా వాదనకు గట్టి ఆధారం.

ఆ ఏర్పాటు బలం 2005 నవంబరులో మొదలైన నెఫ్ట్ అనే బ్యాంకు బదిలీ పద్ధతిలో కనిపిస్తుంది. పుణేలో మట్టిపని చేసే పాలమూరు కూలీ కొత్తకోటలోని తల్లి ఖాతాకు డబ్బు పంపాడనుకుందాం. అతని బ్యాంకు గడులు నింపి, సంతకం చేసి, సందేశాన్ని నెఫ్ట్ కేంద్రానికి పంపుతుంది. కేంద్రం ఇలాంటి సందేశాలను విడతలుగా పోగుచేసి, బ్యాంకుల మధ్య బాకీలు తేల్చి, తల్లి బ్యాంకుకు చేరవేస్తుంది. ఆ నంబరుతో ఖాతా లేకపోయినా, మూతపడి ఉన్నా, విడత తేలిన రెండు గంటల్లోగా డబ్బు వచ్చిన దారినే తిరిగి పోవాలి. ఇంకా పెద్ద చిక్కు మౌనం. పంపిన సందేశానికి జవాబు రాలేదు. సందేశమే దారిలో పోయిందా, సందేశం చేరి జవాబు పోయిందా? నమ్మకం లేని తీగ మీద ఇద్దరికీ పూర్తి నిశ్చయం ఎప్పటికీ కుదరదని 1975లోనే తేల్చారు. మళ్లీ పంపితే రెండుసార్లు జమ కావచ్చు, పంపకపోతే అసలే కాకపోవచ్చు. దీనికి దొరికిన విరుగుడు ప్రతి బదిలీకీ ఒక్కసారే వాడే నంబరు, బ్యాంకులో ‘యూటీఆర్ నంబర్’ అని అడిగేది అదే. అదే నంబరుతో సందేశం ఎన్నిసార్లు వచ్చినా, ఒకసారి జమ చేసిన యంత్రం రెండోసారి చేయను అంటుంది. ఆ ‘చేయను’ వల్లే భయం లేకుండా మళ్లీ పంపే వీలు కలిగింది.

ఇంతటి సోప్ ఇప్పుడెక్కడుంది, ఓడిపోయింది కదా అని సాఫ్ట్‌వేర్ తెలిసినవారు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2000లోనే రాయ్ ఫీల్డింగ్ తన పరిశోధన గ్రంథంలో వెబ్‌కు ఉన్న సహజ క్రియలే చాలు, వాటి మీద మరో కవరు అక్కర్లేదనే దారి చూపాడు. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ ముందుకు తెచ్చిన జేసన్ అనే రాత పద్ధతి అదే సమాచారాన్ని ఎక్స్‌ఎంఎల్ కంటే తక్కువ అక్షరాలతో రాసి చూపింది. 2002లో సోప్‌తో వెతుకులాట సేవ తెరిచిన గూగుల్, 2006 చివర కొత్తవారికి తాళాలివ్వడం మానేసింది. పైగా సోప్ మీద పేర్చిన ఉప ప్రమాణాల దొంతర చదవడమే ఒక ఉద్యోగమైంది. సోప్ ఫైర్‌వాల్ కళ్లుగప్పి వెబ్ తలుపు గుండా దూరుతోందని భద్రతా నిపుణుడు బ్రూస్ ష్నయర్ 2000లోనే ఎత్తిపొడిచాడు. వీటిలో ఏదీ కాదనను. అయితే ఓడింది దాని బరువు. దాని పట్టింపు ఓడలేదు. 2016 ఏప్రిల్ 11న మొదలైన యూపీఐ సందేశాలు ఎక్స్‌ఎంఎల్‌లోనే ఉంటాయి. ప్రతిదానికీ డిజిటల్ సంతకం, తనదైన నంబరు, అందిందని వెంటనే ఒక రసీదు, పని అయ్యాక విడిగా ఒక జవాబు. చాయ్ బండి మీది క్యూఆర్ ముక్క వెనక నడిచే తతంగం ఇది.

తేలికదనానికి వెల ఎక్కడ పడుతుందో చూడాలంటే మన స్టేట్ బ్యాంకు ఖాతా నంబరే చాలు. అది పదకొండు అంకెలు, చాలాచోట్ల ముందు ఆరు సున్నాలు చేర్చి పదిహేడుగా చూపిస్తారు. జేసన్‌లో దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య అక్షరాలుగా రాయకుండా సంఖ్యగా రాయాలంటే ఆ సున్నాలు వదులుకోవాల్సిందే, ఎందుకంటే సంఖ్య ముందు సున్నాలను దాని వ్యాకరణం ఒప్పుకోదు. పెద్ద సంఖ్యల సంగతి ఇంకా ప్రమాదం. జావాస్క్రిప్ట్ సంఖ్యలను దాచే పద్ధతిలో 9007199254740993 చదివితే 9007199254740992 అవుతుంది, ఎవరూ హెచ్చరించరు. ఒక్క అంకె తేడా అంటే మరొకరి ఖాతా. అందుకే జేసన్ వాడేవాళ్లు కూడా ఏ గడిలో ఏముండాలో ముందే రాసే పద్ధతులకు తిరిగొచ్చారు. జేసన్ స్కీమా అలా వచ్చిందే, 2011లో స్వాగర్‌గా పుట్టి ఓపెన్ ఏపీఐగా మారిందీ అలాంటిదే. గద్వాల చీరలో నూలు ఒంటినీ పట్టు అంచునూ కలిపే చోటే నేతగాడి పనితనం తేలినట్టు, రెండు వ్యవస్థల పనితనం వాటి అతుకు దగ్గరే తేలుతుంది.

గడులన్నీ సరిగా నిండినా డబ్బు తప్పు మనిషికి పోవచ్చు కదా అన్న అభ్యంతరం ఇంకా పదునైనది. పోతుంది. నెఫ్ట్ సందేశంలో గ్రహీత పేరుకు గడి ఉంది, కానీ జమ మాత్రం ఖాతా నంబరును బట్టే చేయవచ్చని 2010 అక్టోబరులో రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది. కారణం మనకు తెలియనిది కాదు. వెంకటేశ్వర్లు ఆధార్‌లో ఒక ఇంగ్లీషు స్పెల్లింగుతో, పాస్‌బుక్కులో మరోదానితో, బ్యాంకులో ఇంటిపేరు పొడి అక్షరం చివరికి జరిగి ఉంటాడు. అక్షరం అక్షరం పోల్చితే సగం ఊరు వెనక్కి పోతుంది. తెలుగు లిపి 1991 నాటి తొలి యూనికోడ్‌లోనే ఉన్నా, స్విఫ్ట్ తరహా పాత సందేశాల అక్షరమాలలో రోమన్ తప్ప మరో లిపి లేదు. కాబట్టి ఇక్కడ జరిగింది నియమం విఫలం కావడం కాదు, ఒక గడి ఉండీ కాదనే హక్కు దానికి లేకపోవడం. 2024 డిసెంబరులో రిజర్వు బ్యాంకు నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లకు కూడా, పంపే ముందే అవతలి ఖాతాదారు పేరు చూపే ఏర్పాటు 2025 ఏప్రిల్ 1 లోగా చేయమంది. పోల్చే పని పంపేవాడి కంటికి అప్పగించి, ఆగే అవకాశం అతనికిచ్చింది. చిరునామాలూ స్థిరం కాదు: 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్, 2020లో ఆంధ్రా బ్యాంకు విలీనమయ్యాక ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లు మారాయి. 2016 అక్టోబరులో మహబూబ్‌నగర్ జిల్లా కొత్తకోట వనపర్తి జిల్లా కొత్తకోట అయినప్పుడు ఎన్ని పట్టికల్లో జిల్లా గడి దిద్దాల్సి వచ్చిందో ఊహించుకోవచ్చు.

నా వాదనకు నిజంగా ఎదురు నిలిచేది వేరే ఉంది. రైతుబంధు పట్టాదారుకే అందింది. పాత పహాణీలో పట్టాదారు పక్కన అనుభవదారు కాలమ్ ఉండేది. 2020 అక్టోబరు 29న వచ్చిన భూ రికార్డుల పోర్టల్ ధరణి ఆ కాలమ్‌ను తీసుకురాలేదు. కౌలుకు తీసుకుని పల్లి వేసినవాడు ఆ లెక్కలో ఎక్కడా కనిపించలేదు. ఇది ప్రభుత్వ నిర్ణయం, సందేశ నియమావళి చేసిన తప్పు కాదని తోసిపుచ్చడం సులువు, అది నిజమే కూడా. గడులు బాహాటంగా రాసి ఉన్నాయి కాబట్టే ఏ గడి లేదో వేలుపెట్టి చూపి అడిగే వీలు కలిగిందనీ అనవచ్చు. అయినా ఒక తేడా మిగులుతుంది. ఖాతా నంబరు తప్పిన పట్టాదారుకు డబ్బు తిరిగి పోయినప్పుడు ఒక కారణం నమోదవుతుంది, ఒక నంబరు ఉంటుంది, వాటిని పట్టుకుని బ్యాంకులో నిలదీయవచ్చు. కౌలు రైతును ఏ యంత్రమూ కాదనలేదు. అతని పేరు మీద సందేశమే పుట్టలేదు కనుక, ఆఫీసులో చూపించడానికి తిరస్కరణ చీటీ కూడా అతని దగ్గర ఉండదు.