గోలకొండ ముట్టడి: విద్యార్థులు చేయదగిన నమూనా

యుద్ధమనగా రాజులు, సేనలు, తేదీలు మాత్రమే కాదు. ఏ మిట్ట ఎక్కడ ఉన్నది, గోడ ఎటు తిరిగినది అన్న విషయములు కూడ జయాపజయములపై ప్రభావము చూపును. దీనిని గ్రహించుటకు యుద్ధభూమి నమూనా మంచి సాధనము. బషీరాబాద్ వంటి చోట పదిమంది విద్యార్థులు పని పంచుకొని, సులభముగా దొరకు వస్తువులతో గోలకొండ నమూనాను నిర్మింపవచ్చును.

ముందుగా చరిత్ర. 1656లో మొగలు యువరాజు ఔరంగజేబు గోలకొండపై దండెత్తెను. కోటకు ఈశాన్యమున, గోడ వెలుపల ఉన్న గుట్ట శత్రువునకు అనుకూలమని అప్పుడు తేలినది. తరువాత ఆ గుట్టను లోపలికి చేర్చుచు నయా ఖిలా కట్టిరి. 1687లో ఔరంగజేబు చక్రవర్తియై మరల వచ్చి సుమారు ఎనిమిది నెలలు ముట్టడించెను. ఫిరంగులకు, మందుపాతరలకు కోట లొంగలేదు. లోపలివారిలో ఒకడు ద్వారము తెరపించుటచే సెప్టెంబరులో పడిపోయినది.

ఇక కొలతలు. 1:50,000 స్కేలు గల సర్వే ఆఫ్ ఇండియా పటమును పదిరెట్లు పెంచినచో 1 సెంటీమీటరు 50 మీటర్లకు సమానమగును. సుమారు 120 మీటర్ల ఎత్తు గల కోటగుట్ట 2.4 సెంటీమీటర్లే అగును. సైనికుడు మిల్లీమీటరులో మూడవ వంతు! కనుక సైనికుల బొమ్మలకు బదులు రంగుతలల గుండుసూదులు గుచ్చవలెను.

గుట్ట స్పష్టముగా కనబడుటకు నిలువు కొలతను రెండింతలు చేయవచ్చును. పటములో 20 మీటర్లకు ఒక సమోన్నత రేఖ ఉండును. ప్రతి రేఖ వెంబడి 8 మిల్లీమీటర్ల మందపు అట్ట కత్తిరించి, ఒకదానిపై నొకటి అంటించినచో ఆరు అట్టలతో గుట్ట లేచును. పైపూతకు నల్లరేగడి పనికిరాదు; అది ఎండగానే కుంచించుకొని బీటలు వారును. నానబెట్టి దంచిన కాగితపు గుజ్జు మేలు. అడుగున తాండూరు నాపరాయి పలక వేసినచో, బరువైనను, తడికి వంగదు.

నయా ఖిలా గోడను విడిగా చేయవలెను. అది తీసినచో 1656, పెట్టినచో 1687. గుట్టపై సూదినుండి కోటలోని సూదికి దారము బిగించి చూడవలెను. నడుమ ఏదియు అడ్డు తగులనిచో ఒకచోటినుండి రెండవది కనబడునన్నమాట. గోడలను కూడ నిలువు కొలతలోనే చేసినచో, ఎత్తు పెంచినందున ఈ ఫలితము మారదు. సరళరేఖ సరళరేఖగానే ఉండును.

కాని వాలు మారును. 10 మీటర్లకు 2 మీటర్లు లేచు నేల, నమూనాలో 4 మీటర్లు లేచినట్లుండును. ఈ నిటారును నిజమని నమ్మినచో, ఎక్కలేని చోటని తప్పుగా తీర్మానింతురు. కావున రెండు స్కేళ్లను నమూనాపై తప్పక వ్రాయవలెను.

చివరకు ఉపాధ్యాయుడు రెండు పట్టికలు వ్రాయింపవలెను: నమూనా చూపినవి ఒకదానిలో, గ్రంథములు మాత్రమే చెప్పునవి రెండవదానిలో. గుట్ట ప్రాధాన్యము మొదటిదానిలో చేరును. తెరచిన ద్వారము రెండవదానిలోనే ఉండును. ఏది దేనికి సాక్ష్యమో విడదీయుట నేర్చుటయే ఈ పనికి ఫలము.